రాళ్లు కడిగే మల్లేశం

అరబ్బు దేశంలో, నిజ్వా దగ్గరి వాగులో గంగన్నకు పంపు డ్యూటీ. తెల్లారగానే ఇంజన్ స్టార్ట్ చేసి, కాంక్రీటుకు పోయే కంకర కడిగించేవాడు. కడిగిన బురదనీళ్లు మళ్లీ వాగులోకే పోయేవి.

ఎండలు ముదరకముందు చేపలు గుడ్లు పెట్టడానికి ఎదురెక్కి వచ్చేవి. 1976లో వాటి వెనకాలే మల్లేశం కూడా వచ్చాడు. కిందటేడు వరదలో కొట్టుకుపోయి, శవం కూడా దొరకని మనిషి. నడుందాకా తడిసి ఉన్నాడు.

"మల్లేశమొచ్చిండు, పైపు జరుపుండ్రి," అని పనివాళ్లు దారి ఇచ్చి, ఎవరి పనిలో వాళ్లు పడ్డారు. గంగన్న ఒక్కడే తలెత్తలేదు. వరదొచ్చిన రోజు పంపు డ్యూటీ అతనిదే. జ్వరమని రూమ్‌లో పడుకుంటే, బదులుగా మల్లేశం వెళ్లాడు.

మూడు రోజులు చేపలు గుడ్లు పెట్టకుండా మడుగులో ఊరికే తిరిగాయి. మల్లేశం మోకాళ్ల మీద కూర్చుని చేతులతో రాళ్లు కడుగుతూనే ఉన్నాడు. ఒకటి శుభ్రపడేలోగా ఇంకోదాని మీద బురద పేరుకునేది. ఆ రాళ్ల గరగర ఇంజన్ మోతలోనూ గంగన్నకు వినబడేది. నాలుగో రోజు ఉండబట్టలేక దగ్గరికి వెళ్లాడు.

"ఏం జేస్తున్నవ్ తమ్మీ?"

"రాళ్ల సందుల నీళ్లు పారాలె అన్నా. బురద గప్పితే గుడ్లకు ఊపిరాడది," అన్నాడు మల్లేశం. "నాకూ ఆడలే."

గంగన్న వెళ్లి పంపు ఆపేశాడు. ఫోర్‌మన్ మజహర్ పరుగున వచ్చాడు.

"ఎవడు బంద్ చేసిండు?"

"నేనే సాబ్. గుడ్లు పిల్లలయ్యేదాంక నడప."

"కంపెనీ నిన్ను ఇంటికి తోలేస్తది."

"తోలనియ్యి."

మజహర్ మల్లేశం చేతుల వైపు చూశాడు. వేళ్ల మీద తోలు లేదు. "నాలుగు దినాలు పంపు ఖరాబని చెప్త. ఆ తర్వాత నా చేతుల లేదు," అని వెళ్లిపోయాడు.

నీళ్లు తేటపడ్డాయి. గంగన్న కూడా పక్కన కూర్చుని రాళ్లు కడిగాడు. సాయంత్రానికి చేపలు గుడ్లు పెట్టాయి.

"ఆ దినం నాకు జరం లేకుండె తమ్మీ."

"ఎరుకే. పోయేముందు నీ నొసలు ముట్టి చూసిన గద. సల్లగుండె."

గంగన్న ఇంకో రాయి అందుకుని కడిగాడు.

"నేను పారిపోయిన్నని కంపెనోళ్లు నా పెండ్లాం దేవవ్వకు రాసిన్రు అన్నా," అన్నాడు మల్లేశం, చేతిలో రాయి వదలకుండానే.

గుడ్లు పెట్టిన నాలుగో రోజుకు దారప్పోగుల్లాంటి పిల్లలు రాళ్ల సందుల్లోంచి బయటికొచ్చాయి. వాటితోపాటు మల్లేశం దిగువకు వెళ్లిపోయాడు. ఆ వారమే కంపెనీ గంగన్న చేతిలో పాస్‌పోర్ట్ పెట్టి పంపించేసింది.

ఊరికొచ్చిన గంగన్న తన ఇంటికి పోకుండా, ముందు మల్లేశం భార్య వాకిట్లో నిలబడ్డాడు.

"ఆయన పారిపోలే దేవవ్వా. నేను అబద్ధమాడితే, నా డ్యూటీకి పోయి వరదల సచ్చిపోయిండు."

దేవవ్వ గడప మీద నుంచి పక్కకు జరిగింది.

"లోపలికొచ్చి మొత్తం జెప్పు."