మిషన్‌కి ఆయిల్

మా ఆయన బండికి ఆయిల్ తనే మార్చుకుంటాడు. మార్చుకోనీ, ఎవరొద్దన్నారు? ఆ తీసేసిన పాత ఆయిల్‌తోనే నా ప్రాణం విసిగిపోయింది. వీధి చివర మెకానిక్ దానికోసమే ఓ డ్రమ్ము పెట్టాడు. అందులో పోసి రమ్మంటే వింటేగా! "ఉండనీవే, దేనికో దానికి పనికొస్తుంది" అంటాడు. ఖాళీ వంటనూనె డబ్బాల్లో నింపి వరండా అంతా పేర్చాడు. గేటు మడతబందులకు పూశాడు. చెద పట్టకుండా కిటికీ చెక్కలకు పూశాడు, ఆ పక్కన ఆరేసిన నా దుప్పట్లు రెండూ నాశనమయ్యాయి. ఏమన్నా అంటే ముఖం మాడ్చుకుని కూర్చుంటాడు.

సరే, ఆ గోల ఎప్పుడూ ఉండేదే. మొన్నటిది వేరు.

నేను ఇంట్లో మిషను కుడతాను. జిప్పులు మార్చడం, ప్యాంట్లు పొట్టి చేయడం, అన్నీ అలాంటి చిల్లర పనులే. కాళ్లరిగేలా తిరిగితే పెద్దాసుపత్రి స్టోరు మేడమ్ డాక్టర్ల తెల్లకోటు ఒకటి మచ్చుకు కుట్టి తెమ్మంది. నచ్చిందా, ఇక ఆసుపత్రి కోట్లన్నీ నావే. గుడ్డ కూడా తనే ఇచ్చింది, సరిగ్గా ఒక్క కోటుకు.

"సాయంత్రం మీటింగులో చూపించాలమ్మా, ఆలస్యం చేయకు" అని మరీమరీ చెప్పింది.

ఆ రోజు మధ్యాహ్నానికల్లా చేతులూ కాలరూ అయిపోయాయి. పక్క కుట్లే మిగిలాయి. మిషను కీచుకీచుమంటోంది. మిషన్ ఆయిల్ సీసా వంచితే చుక్క రాలేదు.

"ఏమండీ, మిషన్‌కి ఆయిల్ కావాలి, కాస్త సంగతి చూడండి" అని కేకేసి స్నానానికి వెళ్లాను.

వచ్చి మిషను తిప్పి చూస్తే కీచు చప్పుడు ఆగిపోయింది. ఎంత సంబరపడ్డానో! చెప్పిన పని చెప్పినట్టు చేశాడని మురిసిపోతూ, పక్క కుట్టు ఏకబిగిన లాగించేశాను. తీరా గుడ్డ తిప్పి చూద్దును కదా, కుట్టు పొడుగునా నల్లటి మరకలు. సూది వెంట నల్లగా ఇంకా కారుతోంది.

"ఏం పోశారండీ ఇందులో?" గొంతు చించుకుని అరిచాను.

"ఆయిలే! మిషన్‌కి కావాలన్నావుగా. ఇంజను మాత్రం మిషను కాదేంటి? మన డబ్బాలోదే పోశా." పైగా ఏదో ఘనకార్యం చేసినట్టు నవ్వు.

నా ఒళ్లు మండిపోయింది. సబ్బుతో రుద్దాను, పోలేదు. ఆయన పెట్రోలుతో రుద్దాడు, మరకలన్నీ కలిసి అరచేయంత బూడిదరంగు మచ్చ తేలింది. ఇక చేసేది లేక మేడమ్‌కి ఫోన్ చేశాను.

"అయ్యో! ఇంకొకతను కోటు పట్టుకొచ్చి కూర్చున్నాడమ్మా. నీకోసం మీటింగ్ ఆపలేను కదా" అని పెట్టేసింది.

ఏడుపు తన్నుకొచ్చింది. అంత కష్టం ఒక్క పూటలో బూడిదలో పోసిన పన్నీరైపోయింది.

"పోనీలేవే, ఇది కాకపోతే ఇంకోటి వస్తుంది. ఇంత ఆయిల్ చుక్కకి అంత రాద్ధాంతం దేనికి?" అన్నాడు మా ఆయన.

కళ్లు తుడుచుకుని చెప్పాను: "అయితే ఆ డబ్బా పట్టుకెళ్లి మీ బండిలో పోసుకోండి."

"ఛఛ, నీకేమైనా పిచ్చా? అది మాడి చచ్చిన ఆయిలు. మళ్లీ పోస్తే బండి పాడైపోదూ!"

అనేశాక ఆయన చూపు మెల్లగా నా మిషను మీదికి వెళ్లింది.