ఉత్తుత్తి సూది

నా తలనొప్పిని మా ఇంట్లో ఎవరూ నమ్మరు. జ్వరమైతే థర్మామీటరు చెబుతుంది, కాలు విరిగితే ఎక్స్‌రే చెబుతుంది. నా నొప్పికి సాక్షిని నేనొక్కదాన్నే. నా మాటకి నరసన్నపేటలో ఎంత విలువుందో మా ఆయన సీతారామారావుని అడగండి. "ఎండలో తిరగొద్దంటే ఇనవు," అంటారు. నేను ఎండ మొహం చూసి ఎన్నాళ్లయిందో! ముందు కిరాణా కొట్టు, వెనక ఇల్లు, మధ్య ఒక్క తలుపు. ఆ తలుపులోంచి పొద్దుటినుంచి రాత్రిదాకా "కుసుమా!" అన్న కేకే.

ఎచ్చెర్ల దగ్గర డాక్టరు అనూరాధగారు మైగ్రేన్‌కి ఆక్యుపంక్చర్ పనిచేస్తుందో లేదో పరీక్షిస్తున్నారని తెలిసి వెళ్లాను. ఆవిడ ముందే చెప్పారు. సగం మందికి అసలు సూది, సగం మందికి ఉత్తుత్తి సూది. ఉత్తుత్తిది నాటకంలో బాకులాంటిది, పొడిస్తే మొన పిడిలోకి పోతుంది. ఎవరికి ఏది పడిందో ఆఖర్న గానీ చెప్పరు. సరేనని సంతకం పెట్టాను.

వారానికి రెండుసార్లు, ఎనిమిది వారాలు. ముందు పావుగంట ఆవిడ అడిగేవారు, నేను చెప్పేదాన్ని. తర్వాత సూదులు పెట్టి, చీకటి గదిలో నలభై నిమిషాలు పడుకోబెట్టేవారు. ఫోను బయటే. నెలకి పదిసార్లు వచ్చే నొప్పి రెండుసార్లకి దిగింది.

చివరిరోజు కవరు విప్పారు. నాకు పడింది ఉత్తుత్తి సూది.

"అయితే నా నొప్పి కూడా అబద్ధమేనా మేడం?" అన్నాను. ఏడుపొచ్చేసింది.

"కాదమ్మా. నొప్పి నిజం, తగ్గడమూ నిజమే," అన్నారావిడ.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన చెవిన పడింది సూది సంగతొక్కటే. సాయంత్రానికి కొట్టుకొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పేశారు. "సూదే నేదంట, నొప్పి పోనాదంట! మరి నొప్పి మాత్రం ఉన్నాదేటి?" అందరూ పడిపడి నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. మూడోరోజుకి తలనొప్పి మళ్లీ వచ్చింది, వాంతులతో సహా.

అప్పుడాయన బుర్ర చురుగ్గా పనిచేసింది. "ఉత్తుత్తి సూదికి ఎచ్చెర్ల దాకా ఎందుకే? నేను గుచ్చనేనా?" అంటూ డాక్టరమ్మకి ఫోన్ చేసి పద్ధతంతా కాగితం మీద రాసుకున్నారు. మధ్యాహ్నం కిటికీలు మూసి, టూత్‌పిక్ పట్టుకుని మంచం పక్కన కూర్చున్నారు, మహా వైద్యుడు!

అది నా నుదుటికి ఆనిందో లేదో, "జీలకర్ర డబ్బా ఎక్కడెట్టినావే?" అన్నారు. ఇంతలో ఫోను మోగింది. లేచి వెళ్లి, పది నిమిషాలు మాట్లాడి వచ్చి, "తగ్గినాదేటి?" అన్నారు.

"ఎందుకు తగ్గదూ! ఆ కాగితంలో మొదట ఏటి రాసుకున్నారో సదవండి," అని అరిచాను.

ఆయన కాగితం కిటికీ సందు దగ్గర పెట్టి చదివారు. "ముందు అడగాల. నొప్పి ఎప్పట్నుంచి?"

"పంతొమ్మిదేళ్లనుంచి."

"పంతొమ్మిదేళ్లా! మరి నాకు సెప్పనేదేటి?"

"సెప్పినాను. మీరు కొట్టు తాళాలు ఎతుక్కుంటున్నారు."

ఆయన టూత్‌పిక్ పక్కన పెట్టేశారు. "వస్తే ఎలాగుంటాదే?" అన్నారు. ఆ ప్రశ్న కాగితంలో లేదు.

ఎడమ కంటి వెనక మేకు దిగ్గొట్టినట్టుంటుందని, పోపు వాసనకే కడుపులో తిప్పుతుందని చెప్పడం మొదలుపెట్టాను. ఇంతలో కొట్టులోంచి పక్కింటి నరసింగరావు మావ కేక. "అల్లుడా! పసుపున్నాదేటి?"

మా ఆయన తలుపు వైపు చూశారు, నా వైపు చూశారు.

"నేదు మావా! అయిపోనాది. రేపు రా!"

పసుపు బస్తా నిన్ననే దిగింది. వచ్చిన బేరాన్ని ఆయన పొమ్మనడం నేనెన్నడూ చూడలేదు. ఆ ఉత్తుత్తి మాటకే నా నొప్పి సగం దిగింది.