ఉప్పునీటిలో నానిన వజ్రపు సాన

నేను ఒక సాన పలకను. అరచేయంత ఉక్కు రేకు మీద వజ్రపు పొడి పరిచి, నికెల్ పూతతో అతికించి నన్ను తయారుచేశారు. వజ్రం అనగానే మనుషులు కళ్లు పెద్దవి చేసుకుని వస్తారు. బూడిదరంగులో గరుకుగా ఉన్న నన్ను చూడగానే, అంతే తొందరగా చూపు తిప్పుకుంటారు.

నన్ను మొదట కొన్నది కాకినాడలో బల్లలు, కుర్చీలు చేసే ఒక వడ్రంగి. ముసలితనంలో పని మానేస్తూ తన శిష్యుడు నూకరాజు చేతిలో పెట్టాడు. నూకరాజు సముద్రపు పాయ ఒడ్డున చెక్క పడవలు కట్టేవాడు. అతని ఉలులకూ బాడిసకూ పదును నా మీదే.

ఒక ఏడాది తుఫానుకు సముద్రం ఊళ్లోకి వచ్చింది. పనిముట్ల పెట్టెతో పాటు నేనూ ఉప్పునీటిలో నానిపోయాను. నీరు తీశాక పెట్టె తెరిస్తే నా ఒళ్లంతా ఎర్రటి తుప్పు. ఉలులన్నీ మొద్దుబారాయి. అప్పుడే చేపలు పట్టే లోవరాజు వచ్చాడు. అతని పడవ బల్లలు చీలిపోయాయి. అది బాగుపడితేగాని అతని ఇల్లు గడవదు.

"నా వల్ల కాదు బావా. సానే పోయాక ఇంకేం పని? రొయ్యల చెరువుల కాడికి కూలికెళ్లిపోతాను," అంటూ నూకరాజు నన్ను పెరట్లోకి విసిరేశాడు.

అతని భార్య సత్యవేణి వెళ్లి నన్ను ఏరుకొచ్చింది.

"బిందెకి చిలుం పడితే పారేత్తామా ఏంటండి? ఓపాలి నన్ను చూడనియ్యండి."

ముందు సబ్బునీళ్లు, పాత పళ్ల బ్రష్షుతో బురద వదిలించింది. తర్వాత చింతపండు గుజ్జు పట్టించింది. పక్కింటావిడ గోడ మీంచి చూసి, "కాత్త ఉప్పు కూడా ఎయ్యవే," అంది.

"ఆ ఉప్పేగదత్తా దీన్ని తినేసింది!"

ఎక్కడా గట్టిగా నొక్కలేదు. భర్త నా మీద ఉలి ఎంత తేలిగ్గా నడుపుతాడో ఆమె ఏళ్లుగా చూస్తూనే ఉంది. తుప్పు పట్టింది నా ఉక్కుకే, వజ్రానికి కాదు. గుజ్జు ఎర్రబడేకొద్దీ నా గరుకు బయటపడింది. పులుపు పోయేలా వంటసోడా నీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఎండలో పెట్టి, పలచగా కొబ్బరినూనె రాసింది. అంత ఓపికగల చేతులు నేను మళ్లీ చూడలేదు.

నూకరాజు నా మీద వేలు రాసి చూశాడు. నూనె తుడిచి, నాలుగు నీటిచుక్కలు చల్లి, ఉలి అందుకున్నాడు. చాలాసేపటికి తలెత్తి, "లోవరాజుకి కబురెట్టవే," అన్నాడు.

పడవ నీళ్లలోకి దిగిన రోజు లోవరాజు అతనికి కొత్త కండువా కప్పాడు. నూకరాజు దాన్ని తీసి, అందరి ముందూ సత్యవేణి భుజాల మీద వేశాడు.

"అయ్యో, ఏంటండీ ఇది! అందరూ చూత్తన్నారు," అందామె.

కానీ తియ్యలేదు. ఇంటికి చేరేదాకా అలాగే కప్పుకుని నడిచింది.