మెట్ల మీద స్నేహం

షుగరు వచ్చిందని చిక్కడపల్లి డాక్టరు చెప్పగానే కుసుమకు బెంగ పట్టుకున్నది ఒంటి గురించి కాదు, ఉద్యోగం గురించి. ఇంట్లో తెలిస్తే అత్తగారు ఆ పూటే మాన్పిస్తుంది. కోడలు ఆఫీసుకెళ్లడం ఆవిడకు మొదటినుంచీ కంట్లో నలుసే. పైగా వేసవిలో బిల్లింగ్ సెక్షన్ సూపర్‌వైజర్ కుర్చీ ఖాళీ అవుతోంది. వరసలో ముందున్నది కుసుమే. ఆ కుర్చీ కోసం ఎన్నేళ్లు తలొంచుకు పనిచేసిందో ఆమెకే తెలుసు.

రోజూ గంట నడవమన్నాడు డాక్టరు. వంట, క్యారేజీలు, అశోక్‌నగర్ నుంచి నారాయణగూడ ఆఫీసుకు పరుగు, సాయంత్రం మళ్లీ పొయ్యి. ఇందులో గంట ఎక్కడినుంచి ఊడిపడుతుంది? అదే అడిగితే ఆయన నవ్వి, "ఒకేసారి అక్కర్లేదమ్మా. ఐదు నిమిషాలు దొరికినా ఒళ్లు కదపండి" అన్నాడు.

ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే మనిషికి ఊపిరాడదు. పక్క సీటు నర్మదకు చెప్పుకుంది. దోమలగూడ పిల్ల, కలివిడి మనిషి.

"గంతేనా అక్కా? మన బిల్డింగుకు మెట్లు లేవా? లిఫ్టు బంద్ చేద్దాం. చాయ్ టైముల ఒకసారి, తిన్నంక ఒకసారి ఎక్కి దిగుదాం. నేను గూడ వస్త."

అన్నట్టే వచ్చింది. కుసుమ రొప్పుతుంటే చెయ్యి పట్టుకుని ఆగింది. ఆ మెట్ల మీదే కాళ్ల తిమ్మిర్లు, పట్టని నిద్ర, అత్తగారి భయం అన్నీ వెళ్లబోసుకుంది కుసుమ. ఎండలు ముదిరేసరికి షుగరు దిగింది. రిపోర్టు చూసి ఆమెకంటే నర్మదే ఎక్కువ సంబరపడింది. తోడబుట్టినవాళ్లు కూడా ఇంత చెయ్యరనుకుంది కుసుమ. పిచ్చిది!

ఒకరోజు మేనేజరు ఇంద్రసేన పిలిచాడు.

"కూసోండమ్మా. మీ ఆరోగ్యం సంగతి నర్మద చెప్పింది. కాళ్లు తిమ్మిర్లట, నిద్ర పట్టదట, మెట్లెక్కితే ఆయాసమట. సూపర్‌వైజర్ అంటే మస్తు పని. మీకెందుకా పరేషాన్? ఆమెకే ఇచ్చిన."

"అదంతా అప్పుడండీ. ఇప్పుడు తగ్గింది. రిపోర్టు కూడా ఉంది."

"తగ్గినా జాగ్రత్తగ ఉండాలె గద" అన్నాడాయన, ఎంతో దయగా. ఆర్డరు మీద సంతకం అప్పటికే అయిపోయింది.

తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో కుసుమకు ఆ రోజు తెలిసింది. కోపం కంటే ముందు సిగ్గేసింది. తన నోటితో తానే అన్నీ అందించింది.

"ఎందుకు చెప్పావు నర్మదా?"

"మీ మంచికే అక్కా. రేపు మీరు పడిపోతే ఎవరు చూస్తరు?" అంది నర్మద, కళ్లు పైకెత్తకుండా.

ప్రమోషనొస్తే సెక్షనంతటికీ మిఠాయి పంచడం ఆ ఆఫీసు ఆనవాయితీ. మర్నాడు నర్మద డబ్బా పట్టుకుని సీటు సీటుకూ తిరిగింది. కుసుమ దగ్గరికొచ్చేసరికి, ఏమైతేనేం అందరి ముందూ నవ్వుతూ తీసుకోవాలని ఆమె చెయ్యి చాచింది. నర్మద డబ్బా వెనక్కి లాక్కుంది.

"అక్కకు వద్దు. షుగరుంది పాపం" అంది, అందరికీ వినపడేలా.

సెక్షనంతా ఇటు తిరిగింది. వెనక సీటు మహిత కుసుమ వాళ్ల పక్కింట్లోనే ఉంటుంది. ఆమె నొచ్చుకుంటూ, "అయ్యో, మీ అత్తయ్యగారు నాతో ఒక్క మాటైనా అనలేదే. సాయంత్రం వచ్చి పలకరిస్తానులెండి" అంది.

కుసుమ చాచిన చెయ్యి ఇంకా అలాగే ఉంది.