ఒబ్దూలియా మైకు, ఇద్దరు జ్ఞానతండ్రులు

మా ఊళ్ళో ఇంట్లోకి ఏ కొత్త వస్తువు వచ్చినా దానికో జ్ఞానతండ్రి ఉండాలి. ట్రక్కుకి ఉంటాడు, రొట్టెల పొయ్యికి ఉంటాడు, బడిలో పెద్ద డోలుకీ ఉన్నాడు. ఫాదరు వచ్చి పవిత్రజలం చల్లుతాడు. జ్ఞానతండ్రి అందరికీ ఎండుమిర్చి పులుసులో ఉడికిన కోడి మోలేతో భోజనం పెడతాడు. ఆ రోజు నుంచి ఇంటావిడకి అతను కొంపాద్రే, అతనికి ఆవిడ కొమాద్రే, వియ్యాలవారంత చుట్టరికం. వస్తువుకి జబ్బు చేస్తే ముందు కబురు అందేది అతనికే. మెకానిక్కుకి తర్వాత.

మేమంతా గౌరవంగా దోన్యా అని పిలిచే ఒబ్దూలియా ల్యాప్‌టాప్‌కి జ్ఞానతండ్రి క్రెసెన్సియో. ఆమె ఫోనుకి ఎలిగియో. వాళ్ళిద్దరికీ మాటల్లేవు. పోయినేడు సాన్ ఇసిద్రో పండగకి క్రెసెన్సియో చర్చి గుమ్మానికి కట్టిన పూల తోరణాన్ని ఎలిగియో గాడిద తినేసింది. సగం తినుంటే సర్దుకునేవారేమో. మొత్తం తిని అక్కడే పడుకుంది.

ఒబ్దూలియాది పైవాడ మైకు. ఇంటి కప్పు మీద ఇనుప స్తంభం, దానికి హారన్లు. నేను పక్కింటివాణ్ణి. హారన్లలో కందిరీగలు గూడు పెడితే ఎక్కేది నేనే. ఎవరింట్లో పందిని కోశారు, ఎవరి మేక తప్పిపోయింది, ఎవరికి పుట్టినరోజు, అన్నీ జనం ఆమె ఫోనుకి రాసి పంపుతారు. ఆమె ల్యాప్‌టాప్‌లో పెద్దక్షరాలు చేసుకుని చదువుతుంది. ఫోన్లో చదవలేదు, చూపు ఆనదు. పైగా ఫోను మైకు దగ్గరికొస్తే హారన్లు గుర్రుగుర్రుమని గురకపెడతాయి. అందుకే ఫోను పెరటి కిటికీలో ఉండేది. అక్కణ్ణుంచి ఒక పొడుగాటి తీగ ల్యాప్‌టాప్ దాకా.

దిగువవాడ నికానోర్ ఈ మధ్య కొత్త మైకు పెట్టాడు. తీగ లేకుండానే ఫోనులో కబురు వచ్చి అతని ల్యాప్‌టాప్‌లో వాలుతుందట. అది విన్నప్పటి నుంచి ఒబ్దూలియాకి అన్నం సయించలేదు. పండగ ముందురోజు పొద్దున్న ఆమె ల్యాప్‌టాప్ "కొత్త వెర్షన్ ఎక్కించమంటారా?" అని అడిగింది. దాంతో తీగ బెడద పోతుందనుకుని ఒబ్దూలియా నొక్కేసింది.

మధ్యాహ్నానికి ఎక్కింది. రంగులు మారాయి, మూలలు గుండ్రంగా అయ్యాయి. తీగతో నడిచే పాత ప్రోగ్రాము పనిచేయనంది. తీగ లేకుండా కలిపే మీట ఎక్కడా కనిపించలేదు.

ఆ సాయంత్రమే రెండు మైకులూ విని, మర్నాటి ఊరేగింపు కబుర్లు ఎవరికివ్వాలో పండగ పెద్ద తేలుస్తానన్నాడు.

"పోయిందయ్యా నా మైకు," అంది ఒబ్దూలియా నాతో. "ఒక్క పండగ పోతే జనం మళ్ళీ ఇటు రారు. ఇక బతికినన్నాళ్ళూ ఆ నికానోర్ ముక్కుగొంతు వినాలి."

ఇద్దరు జ్ఞానతండ్రులకీ కబురు వెళ్ళింది.

క్రెసెన్సియో వచ్చి, జ్వరం చూసినట్టు ల్యాప్‌టాప్ మీద అరచెయ్యి పెట్టాడు. "దీనికేం? దిట్టంగా ఉంది. కొమాద్రే, ఆ కిటికీ దగ్గరున్నాయనకి చెప్పండి, లోపం ఆయన ఫోనుదని."

"కొమాద్రే, బల్ల దగ్గరున్నాయనకి చెప్పండి, పొద్దున్న ముఖం మార్చుకున్నది నా ఫోను కాదని," అన్నాడు ఎలిగియో.

"నా ఇంట్లో నిలబడి నన్ను తపాలా బంట్రోతుని చెయ్యకండి," అంది ఒబ్దూలియా.

రెండింటినీ ఆపి మళ్ళీ వెలిగించారు. రెండింటిలోనూ ఒకే పేరు, ఒకే సంకేతపదం కొట్టారు. బ్లూటూత్ గుర్తు నొక్కారు, ఆపారు, నొక్కారు. ఏమీ కాలేదు. అప్పుడు క్రెసెన్సియో, పెళ్ళిలో వధూవరుల భుజాల మీద వేసే పెద్ద జపమాల తెప్పించి, రెండింటినీ పక్కపక్కన పెట్టి దాన్ని చుట్టాడు. ఎలిగియో మొదటిసారి అడ్డు చెప్పలేదు. టోపీ కూడా తీశాడు. కాసేపు అందరం నిలబడ్డాం. ఫోను మోగింది. ఒబ్దూలియా శిలువ గుర్తు వేసుకుంది. చూస్తే ఎవరో పంది కొవ్వు కావాలని అడుగుతున్నారు. ల్యాప్‌టాప్‌లో మాత్రం ఏమీ రాలేదు.

చివరికి పట్నంలో రిపేరు కొట్టు రెమెదియోస్‌కి ఫోన్ చేశారు.

"ఆ ల్యాప్‌టాప్ ఏ కాలంది?" అంది ఆమె.

"మా పాత ఫాదరు కాలంది," అన్నాడు క్రెసెన్సియో గర్వంగా.

"అదే మరి. చొక్కా కొత్తది తొడిగారు, లోపల ఒళ్ళు పాతదే. ఫోనుతో మాట కలిపే ముక్క దాంట్లో పాతరకం. ఈ పని తనవల్ల కాదని తెలిసి మీటే చూపించట్లేదు. వేలెడంత ముక్క ఒకటి పక్కన గుచ్చితే సరిపోతుంది. నా దగ్గర అయిపోయింది. వచ్చే వారం రండి."

"పాత వెర్షన్ మళ్ళీ ఎక్కించొచ్చా?" అని అడిగింది ఒబ్దూలియా.

"ఎక్కించొచ్చు. రేపు సాయంత్రానికి అవుతుంది."

ఎలిగియో గొంతు సవరించుకున్నాడు. "కొమాద్రే, నేను కిటికీ దగ్గర్నుంచి గట్టిగా చదువుతా. మీరు విని మైకులో చెప్పెయ్యండి."

"విన్నది చెప్పను. రాసింది చదువుతా," అంది ఒబ్దూలియా. ఒకసారి నోటిమాట నమ్మి, బతికున్న పశువుల డాక్టరుకి సంతాపం చదివింది. ఆయన అప్పుడు వీధిలోనే ఉన్నాడు.

ఆమె ఇద్దరినీ మార్చిమార్చి చూసింది. "వస్తువులు మాట్లాడుకోవట్లేదు. తండ్రులు మాట్లాడుకోండి. కొంపాద్రే ఎలిగియో, మీరు కిటికీ దగ్గర ఫోను చదవండి. కొంపాద్రే క్రెసెన్సియో, మీరు టైపు కొట్టండి. నేను చదువుతా."

మైకు వెలిగించింది. వాళ్ళిద్దరూ గమనించని ఎర్రదీపం చూసి నేనామె వైపు చూశాను. ఆమె పెదాల మీద వేలు పెట్టుకుంది.

"తెయోఫిలా ఇంట్లో వేడి తమాలెలు, మొక్కజొన్న ఆకుల్లో ఉడికించినవి!" అరిచాడు ఎలిగియో.

"మెల్లిగా! నేను కొట్టేది రెండు వేళ్ళతో."

"ఆ రెండు వేళ్ళతోనేనా తోరణం కట్టింది? అందుకే ఊడింది."

"ఊడలేదు! నీ గాడిద తింది!"

"తింటే? దాంట్లో ఇనుప తీగ ఎందుకు పెట్టావ్? పండగ రెండ్రోజులూ దాని పొట్ట రుద్దుతూ కొట్టంలో కూర్చున్నా. ఊరేగింపు కూడా చూళ్ళేదు. ఒక్కసారైనా వచ్చి ఎలా ఉందని అడిగావా?"

టైపు చప్పుడు ఆగింది.

"నాకెవరూ చెప్పలేదు," అన్నాడు క్రెసెన్సియో. "తీగ గాలికి నిలవాలని పెట్టా. బానే ఉందా ఇప్పుడు?"

"ఉంది. పూలమ్మే అమ్మాయి కనిపిస్తే మాత్రం వెనక్కి తిరిగి పరుగు."

వీధుల్లోంచి నవ్వు గోడల మీదుగా లోపలికొచ్చింది. క్రెసెన్సియో తలెత్తి ఎర్రదీపం చూశాడు. చెవులు దానికంటే ఎర్రబడ్డాయి. "కొమాద్రే!"

"ఇంకా తమాలెల దగ్గరే ఉన్నారు, కానివ్వండి," అంది ఒబ్దూలియా.

నేను కప్పెక్కి చూశాను. దిగువవాడ మైకు పాటలు వేస్తూనే ఉంది గానీ దాని ముందు ఎవరూ లేరు. జనం కుర్చీలెత్తుకుని మా వాలు ఎక్కుతున్నారు. ముందు పండగ పెద్ద, నెత్తిన స్టూలుతో. సగం దారిలో ఆగి, స్టూలు దించి, దాని మీద కూర్చుని ఫోనులో ఏదో కొట్టాడు.

కిందకి దిగేసరికి ఎలిగియో చదువుతున్నాడు: "రేపు ఊరేగింపు కబుర్లన్నీ పైవాడ మైకులోనే. పండగ పెద్ద."

హారన్లలో ఊరంతా వింది. చప్పట్లు, ఈలలు. ఎవరో తారాజువ్వ కూడా వదిలారు. క్రెసెన్సియో మాత్రం ఇంకా మొదటి అక్షరం కోసం వెతుకుతున్నాడు.

ఒబ్దూలియా కళ్ళజోడు తుడిచి పెట్టుకుని మైకు ముందుకి వంగింది.

"ఊరివారికి మనవి. దయచేసి నిశ్శబ్దంగా ఉండండి. ఒక ముఖ్యమైన కబురు వస్తోంది. అదేమిటో ఇంకా ఎవరికీ తెలీదు."

ఊరు నిజంగానే నిశ్శబ్దమైపోయింది. క్రెసెన్సియోకి అక్షరం దొరికేదాకా అందరం కాచుకున్నాం.