ప్రేమమ్మ గుప్పిట

సాంబారు కవరు నోరు కూడదీసి, లోపల కాస్త గాలి నిలిపి, మెడ దగ్గర మెలిపెట్టి జక్రయ్య రబ్బరు వేశాడు. వేశాడనడం కంటే రబ్బరే వచ్చి పడిందనడం నయం. ఎడమ మణికట్టుకి గాజుల్లా తొడుక్కున్న రబ్బర్లలో ఒకటి కుడిచేతి వేళ్ల మీదికి ఎప్పుడు ఎక్కిందో, కవరు మెడకి ఎప్పుడు చుట్టుకుందో ఎదురుగా నిలబడి చూసేవాళ్లకి కూడా అంతుపట్టదు. కవరు బుగ్గలు పూరించుకుని బల్ల మీద కూర్చుంది. దాని పక్కన పప్పు, ఆ పక్కన దొండకాయ వేపుడు.

దర్శి బస్టాండు ఎదురు సందులో కలీం కర్రీ పాయింటు. అన్నం ఇంట్లో వండుకుని కూరలకి మాత్రం ఇక్కడికి వచ్చేవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు. బడిపంతుళ్లు, బ్యాంకు గుమాస్తాలు, పత్తి కొనడానికి వచ్చి గదుల్లో దిగిన వ్యాపారులు, పొయ్యి ముందు నిలబడే ఓపిక లేని ఇల్లాళ్లు. లోపల వండేది కలీం, అతని తమ్ముడూ. ముందు బల్ల దగ్గర నిలబడి కవర్లలో పోసి కట్టేది జక్రయ్య. "గాలి ఇంకాస్త నిలుపు బాబాయ్, కవరు నిండుగా కనపడాల," అంటాడు కలీం. గాలి అమ్ముకుని బతికేది బెలూన్లవాడొక్కడే అనుకుంటాం గానీ, కర్రీ పాయింటువాడు కూడా ఆ కోవలోవాడే.

జక్రయ్య పొడుగు మనిషి. యాభై దాటి చాలా ఏళ్లయింది. నడుం ఒప్పుకున్నంతకాలం మిరప బస్తాలు మోశాడు. అందుకు గుర్తుగా కుడి భుజం ఎడమదానికంటే కిందికి దిగిపోయింది. ముఖంలో చెప్పుకోడానికేమీ లేదు. రోజూ కూరలు పట్టుకెళ్లేవాళ్లు కూడా బజార్లో ఎదురైతే పోల్చుకోరు. వేళ్లనయితే పోల్చుకుంటారు. సన్నగా, పొడుగ్గా, గోళ్లకి పసుపు పట్టి, ఎవరివో తెచ్చి మోతపనివాడికి అతికించినట్టుంటాయి.

"తాతా, దూకించు," అంది ఆరాధన. ఆ పాప లెక్కల మాస్టారి కూతురు. తండ్రి స్కూటరు ముందు నిలబడి వస్తుంది. కూర సంగతి తండ్రిది, రబ్బరు సంగతి తనది.

జక్రయ్య చేతులు తువ్వాలుకి తుడుచుకుని ఒక రబ్బరు తీసి చూపుడు వేలికీ నడిమి వేలికీ కలిపి తొడిగాడు. గుప్పిట మూశాడు. పాప ముఖం దగ్గరికి తెచ్చి తెరిచాడు. రబ్బరు ఉంగరపు వేలికీ చిటికెన వేలికీ ఉంది. మళ్లీ మూసి తెరిచాడు. మొదటి చోటికి వచ్చేసింది. పాప అతని చెయ్యి పట్టుకుని తిరగేసి, మోచేతి దాకా వెతికింది.

"ఎట్టా దూకింది?"

"దానికి ఇష్టమై దూకిందమ్మా."

"అది దూకేలోపల నా పప్పు చల్లారిపోద్ది బాబాయ్," అన్నాడు లోపల్నుంచి కలీం. కోపంగా కాదు. రబ్బరు కోసం మారాం చేసే పిల్లల వెనక కూర కొనే పెద్దవాళ్లుంటారని అతనికి తెలుసు.

ఈ విద్య జక్రయ్యకి గుంటూరు మిర్చియార్డు బయట అబ్బింది. సీజను ముదిరితే లారీలు రోజుల తరబడి రోడ్డు మీద బారులు తీరి నిలిచిపోయేవి. ఆ లారీల నీడలో పక్కన కూర్చున్న క్లీనరొకడు పొద్దుపోక నేర్పాడు. అందులో మర్మం ఇంతే. గుప్పిట మూసేటప్పుడు రబ్బరును అరచేతి వైపు నుంచి లాగి, నాలుగు వేళ్ల కొనలూ దానిలోకి దూర్చాలి. చూసేవాళ్లకి వెనకవైపు రెండు వేళ్ల మీదే కనిపిస్తుంది. తెరిస్తే దానంతటదే అవతలి వేళ్ల మీదికి దూకుతుంది. మనిషి చెయ్యాల్సిందల్లా తెరవడం.

పెళ్లయిన కొత్తలో ప్రేమమ్మకి చూపించాడు. ఆమె రోట్లో కారం దంచుతూ ఓరకంట చూసి, "కూడు పెడుద్దా అది?" అంది. ఆ తర్వాత ఎన్నేళ్లు కాపురం చేసినా ఆమె మాట మారలేదు. నిజానికి కూడు పెట్టింది ఆమె రెక్కలే. మిరపకోతలు, పత్తితీతలు, కలుపులు, ఏ పని ఉంటే ఆ పనికి ముందు నడిచేది. పిల్లల్లేరు. లేరని ఏడ్చిన రోజులు ఎప్పుడో అయిపోయాయి. జక్రయ్య నోట్లో నాలుక లేని మనిషి కాబట్టి ఇంట్లో ఇద్దరి మాటలూ ఆమే మాట్లాడేది.

పోయినేడు పత్తితీతల్లో సాలులోనే ఒరిగిపోయింది. పక్షవాతం అన్నారు. ఒంగోలు తీసుకెళితే, అక్కడ మంచం మీద పడుకోబెట్టేదాకా ఆమె కుడి గుప్పిట్లో తీసిన పత్తి తీసినట్టే ఉంది. నర్సు వేలూ వేలూ విడదీసి తీసింది. తీశాక గుప్పిట మళ్లీ మూసుకుంది. ఇక తెరుచుకోలేదు. మూతి ఒక పక్కకి లాగేసింది. మాటలు పోయాయి.

ఆ వార్డులో ఒక మధ్యాహ్నం జక్రయ్య ఏమీ తోచక, మంచం పక్కన కూర్చుని తనలో తను రబ్బరు దూకిస్తున్నాడు. ప్రేమమ్మ చూసింది. మొదటిసారి శ్రద్ధగా చూసింది. లాగేసిన మూతితో కష్టపడి, "ఎట్టా?" అంది. జబ్బు చేశాక ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట అదే. ఎవరికీ చెప్పని మర్మం జక్రయ్య ఆమెకి చెప్పాడు. వ్యాయామాలు చేయించే అమ్మాయి కూడా ఆ మాట విని, అయితే రోజూ అదే చేయించమంది. ముయ్యడానికేం, ఎవరైనా మూస్తారు, తెరవడమే కష్టమంది. రబ్బరు మాత్రం ఎక్కువసేపు ఉంచొద్దు, రక్తం ఆడదు అని కూడా చెప్పింది.

ఆ రోజు నుంచి ప్రేమమ్మకి ఒకటే పట్టు. చర్చిలో ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల. పాస్టరు అయ్యగారు ఒక్కొక్కరి అరచేతిలో రొట్టెముక్క పెడతారు. ఎడం చెయ్యి బాగానే ఉంది కదా, ఇంటికొచ్చి ఇస్తానని ఆయనే అన్నా ఆమె ఒప్పుకోలేదు. "ప్రభువు ముందు ఎడం చెయ్యి చాపనయ్యగారూ. ఇది తెరుచుకున్న రోజున నేనే వస్తా," అని ముక్కలు ముక్కలుగా చెప్పింది. నెలలు గడిచిపోతున్నాయి. జక్రయ్య ఒక్కడే వెళ్లి చెయ్యి చాపి తీసుకుంటున్నాడు. తనకి పెట్టిన రొట్టె గొంతు దిగేటప్పుడు ఏదో తప్పు చేసినట్టుంటుంది.

రేపు మళ్లీ మొదటి ఆదివారం.

మధ్యాహ్నం రద్దీ తగ్గాక ఇంటికి వెళ్లాడు. పక్కింటి రసూల్‌బీ అప్పటికే ప్రేమమ్మకి తల దువ్వి పోయింది. ఇద్దరు ఆడవాళ్లూ ఒకే మేస్త్రీ కింద పత్తితీతలకి పోయినవాళ్లు. జక్రయ్య అన్నం మెత్తగా పిసికి తినిపించి, మూతి తుడిచి, మంచం పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని కాసేపు నూనె రాశాడు. రబ్బరు తీసి ఆమె చూపుడు వేలికీ నడిమి వేలికీ తొడిగి, నాలుగు కొనలూ లోపలికి దూర్చాడు.

"ఊఁ, తెరువు."

ప్రేమమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. మెడ నరాలు లేచాయి. చిటికెన వేలు కదిలిందేమో అనిపించింది, అంతే.

"కదిలింది," అన్నాడు జక్రయ్య.

"అబద్ధం," అంది ప్రేమమ్మ.

"కదిలిందే. నా చేతికి తెలిసింది."

ఆమె కళ్లు తెరిచి అతని ముఖం చదివింది. అతనికి అబద్ధమాడటం చేతకాదని ఆమెకి తెలుసు. "రేపు పోదాం," అంది. చాలాకాలానికి ఆమె ముఖంలో ఆ పాత మొండితనం కనిపించింది. జక్రయ్యకి సంతోషమేసింది. సంతోషపడి చాలా రోజులైంది కాబట్టి దాంతో ఏం చెయ్యాలో తెలియక, ఆమె చెయ్యి అట్లాగే పట్టుకుని కూర్చున్నాడు.

అంతలో ఫోను మోగింది. పత్తి సేటు ఇంట్లో ఏదో వేడుకట, పార్సిళ్లు చాలా ఉన్నాయి, కాస్త ముందుగా రమ్మని కలీం. జక్రయ్య లేచి చొక్కా వేసుకున్నాడు. ఆమెకి దుప్పటి కప్పి, రసూల్‌బీకి ఒక కేక వేసి వెళ్లిపోయాడు.

సాయంత్రం కర్రీ పాయింటు ఊపిరి సలపనివ్వలేదు. కోడికూర, పెరుగు, గోంగూర, మళ్లీ కోడికూర. జక్రయ్య చేతులు వాటి దారిన అవి పని చేసుకుపోయాయి. దీపాలు పెట్టే వేళకి మణికట్టు మీద రబ్బర్లు అయిపోయి, కొత్తవి తొడుక్కుంటుంటే ఒక్కసారి చేతులు ఆగిపోయాయి.

ప్రేమమ్మ వేళ్ల రబ్బరు తియ్యలేదు.

కవరుకి రబ్బరు వేస్తే ఆ కవరుతో పని అయిపోయినట్టే. ఏళ్ల తరబడి చేతులకి పట్టిన అలవాటది. ఆమె వేళ్లకి కూడా రబ్బరు వేసి, పని అయిపోయినట్టు లేచి వచ్చేశాడు. రక్తం ఆడదు అన్న అమ్మాయి మాట గుర్తొచ్చింది. రసూల్‌బీకి ఫోను చేశాడు. మోగి మోగి ఆగింది. మళ్లీ చేశాడు. ఎత్తలేదు.

"కలీమూ, ఒకసారి ఇంటికి పోయొస్తా," అన్నాడు.

"ఈ పార్సిళ్లు ఒక్కటి కట్టిచ్చి పో బాబాయ్. సేటు మనిషి నెత్తిన కూర్చున్నాడు."

ఇంకొకడైతే పోయేవాడే. ఎందుకని అడిగితే కలీం కూడా పొమ్మనేవాడే, రాతిగుండె మనిషేం కాదు. కానీ కలీం అడగలేదు, జక్రయ్య చెప్పలేదు. జీవితమంతా ఎవరేం చెప్తే దానికి తలూపిన మనిషి, ఆ సాయంత్రం కూడా తలూపాడు. కవర్లు ఒకదాని వెనక ఒకటి కడుతూనే ఉన్నాడు. కట్టిన ప్రతి కవరూ ఆమె చెయ్యిలానే కనిపించింది.

పార్సిళ్లు ఇంకా కొన్ని ఉండగానే రసూల్‌బీ మొగుడు బుడాన్ వచ్చాడు. మోపెడ్ దిగి బల్ల ముందుకొచ్చాడు. కూరలకి వచ్చినవాళ్లు తప్పుకుని దారిచ్చారు. బుడాన్ కూరలేమీ అడగలేదు.

"ఇంటికి పోదాం రా అన్నా," అన్నాడు.

జక్రయ్య అతని ముఖంలోకి చూశాడు. చేతిలో ఉన్న కవరుకి రబ్బరు వేసి, పక్కన పెట్టి, కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాడు. కలీం పొయ్యి కట్టేసి బయటికొచ్చి ఏదో అడుగుతున్నాడు. జక్రయ్య మోపెడ్ వెనక ఎక్కాడు.

ఇంటి ముందు వాడ ఆడవాళ్లు గుమికూడి ఉన్నారు. ప్రేమమ్మని మంచం మీదే సరిగ్గా పడుకోబెట్టి, గడ్డం దాకా దుప్పటి లాగారు. జక్రయ్య కుడివైపుకి వెళ్లి దుప్పటి అంచు ఎత్తాడు.

గుప్పిట తెరిచి ఉంది. పూర్తిగా కాదు, గుప్పెడు గింజలు పట్టేంత. వేళ్లు నల్లబడలేదు. రబ్బరు ఉంగరపు వేలికీ చిటికెన వేలికీ ఉంది.

"టీ పట్టా అన్నా," అని ఏడుస్తోంది రసూల్‌బీ. "నాలుగు గుక్కలు బాగానే తాగింది. రొట్టెలు కాల్చుకొని వద్దామని పోయా. వచ్చేతలికి..."

"టీ పట్టేటప్పుడు రబ్బరు ఏ వేళ్లకుంది?"

రసూల్‌బీ ఏడుపాపి చూసింది. "ఏందన్నా?"

"ఈ పక్కనుందా, ఆ పక్కనుందా?"

"చూడలా అన్నా. దుప్పటి కప్పుంది గదా."

ఆడవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మనిషి మతి చలించిందనుకున్నారు. జక్రయ్య మతి చలించలేదు. అతనికి ఒక్కటే తెలియాలి. ప్రాణం ఉండగా ఆమే తెరిచిందా, లేక ప్రాణం పోయాక బిగువు సడలి దానంతటదే తెరుచుకుందా. ఆమే తెరిచి ఉంటే చూసుకుని ఉంటుంది, నవ్వుకుని ఉంటుంది, చూపిద్దామని పిలిస్తే పలికేవాళ్లు లేకపోయి ఉంటారు. ఆమె తెరవకపోతే ఏమీ లేదు, ఒక ఒళ్లు చల్లబడింది, అంతే. ఈ రెంటిలో ఏది ఎక్కువ బాధో కూడా అతనికి తేలలేదు. ఏడుద్దామనుకున్నాడు. రాలేదు. ఎక్కువసేపు మడిచి కూర్చున్న కాలులా లోపలంతా తిమ్మిరెక్కి, తనది కానట్టుంది.

అయ్యగారు వచ్చి వాక్యం చదివి ప్రార్థన చేశారు. ఆమెన్ అన్నాక జక్రయ్య దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశారు.

"చెయ్యి తెరుచుకుందయ్యగారూ," అన్నాడు జక్రయ్య. "రేపు వద్దామనుకుంది."

ఆయన అతని భుజం మీద చెయ్యి తియ్యలేదు.

స్నానం చేయించాలని మగవాళ్లని బయటికి పంపారు. జక్రయ్య అరుగు మీద కూర్చున్నాడు. లోపల బిందెల చప్పుడు, నీళ్ల చప్పుడు వినిపించాయి. కొంతసేపటికి రసూల్‌బీ తడిచేతులతో బయటికి వచ్చి, పోయిన మనిషి ఒంటి మీదివి భర్తకి అప్పగించాలి కాబట్టి, ఒక సాసరు తెచ్చి అతని పక్కన పెట్టింది.

"ఇది నగల్లో లెక్కో కాదో తెలవక, ఇందులోనే ఏశా అన్నా," అని లోపలికి పోయింది.

సాసరులో శిలువ గొలుసు, చెవి కమ్మల పక్కన రబ్బరు ఉంది, ఆమె వేళ్ల వెడల్పుకి సాగిపోయి, ఇంకా మామూలు సైజుకి ముడుచుకోకుండా.