సంతోషి ఫోను చేసే వేళ

తెలంగాణ రాష్ట్రం రావడానికి ముందటి ఏడాది, బొగ్గు గని కంపెనీ ఇచ్చే లాభాల వాటా చేతికందగానే రాయమల్లు బటన్ల ఫోను పక్కన పెట్టి టచ్ ఫోను కొన్నాడు. కొన్నది తన కోసమే. కానీ గనిలోకి ఫోను తీసుకుపోనివ్వరు. డ్యూటీ దిగి వచ్చి, స్నానం చేసి, తింటే చాలు నిద్ర ముంచుకొచ్చేది. అట్లా గోదావరిఖనిలోని ఆ కంపెనీ క్వార్టర్‌లో ఫోను అతని భార్య సారక్కదైపోయింది.

మొదట్లో ఆమెకు అన్నీ తిప్పలే. తడిచేత్తో ముట్టుకుంటే అది పలికేది కాదు. ఎత్తబోయి కట్ చేసేది. పాత ఫోను ఒకసారి చార్జింగ్ పెడితే రోజుల తరబడి నడిచేది. ఇది పొద్దుగూకేలోపే ఆరిపోయేది. దీనికి మనకన్నా ఎక్కువ ఆకలి అని మొగుడితో అని నవ్వేది.

ఆమె చెల్లెలు సంతోషికి పుట్టుకతోనే చెవులు వినపడవు, మాట రాదు. తల్లీదండ్రీ పోయాక సారక్కే ఆమెను సాకి, నస్పూర్‌లో ఉండే అంజికిచ్చి పెళ్లి చేసింది. అంజి శ్రీరాంపూర్‌లో గని కార్మికుడు. గోదావరి దాటితే నస్పూర్ ఎంతో దూరం కాదు. అయినా ఇల్లు వదిలి ఊరికే పోవడం కుదిరేది కాదు. ఫోను చేస్తే సంతోషి అత్త ఎత్తి, మంచిగనే ఉన్నది బిడ్డా అనేది. ఆమె అబద్ధమాడే మనిషి కాదు. కానీ ఫోను పెట్టేశాక సారక్కకు చెల్లెలితో మాట్లాడినట్టే ఉండేది కాదు.

అంజికి అప్పటికే టచ్ ఫోను ఉంది. అతను గనికి పోతే అది ఇంట్లోనే ఉండేది. ఒక ఆదివారం అతనే వచ్చి వీడియో కాల్ ఎట్లా చేయాలో సారక్కకు చూపించి వెళ్లాడు. మర్నాడు మధ్యాహ్నం ఫోను మోగింది. తెర మీద సంతోషి. వేలు తీసుకెళ్లి ముక్కుపుడక చోట ఆనించింది. వాళ్ల చేతి మాటల్లో సారక్క పేరు అది. సారక్కకు కళ్ళు చెమర్చాయి.

ఆ రోజు నుంచి మధ్యాహ్నమైతే ఫోను రావలసిందే. పక్క క్వార్టర్ ఆడవాళ్లు ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టుకుని వంట కానిచ్చేవాళ్లు. సారక్కకు ఆ వీలు లేదు. సంతోషితో మాట్లాడాలంటే రెండు చేతులూ కావాలి, కళ్ళూ కావాలి. ఫోనును పప్పు డబ్బాకు ఆనించి కూర్చునేది. పొయ్యి మీద కూర అడుగంటేది. సంతోషి ముచ్చట్లకు అంతు లేదు. కుడుతున్న జాకెట్టు చూపించేది. పక్కనే ఉన్న అత్త నడకను చేతులతో దించేసేది. అది చూసి అత్తా నవ్వేది. నెట్‌వర్క్ సరిగా లేనప్పుడు సంతోషి చెయ్యి గాల్లోనే ఆగిపోయేది. ఆ మాట ఏమిటో తెలిసేదాకా సారక్క ఊపిరి బిగబట్టి చూసేది.

సంతోషికి ఏడో నెల వచ్చింది. తొలికాన్పు తల్లిగారింట్లో కావాలి కాబట్టి సారక్క దగ్గరికే తీసుకురావాలని పెద్దవాళ్లు మాట్లాడుకున్నారు. సారక్క పాత చీరలు ఉతికి పసిబిడ్డకు బొంతలు కుట్టింది. ఆ బొంతలు తెరకు చూపించి, ఎప్పుడొస్తావని అడిగింది.

సంతోషి రానన్నది. ఆమె చేతులు నెమ్మదిగా కదిలాయి.

"కాన్పు నాది. అందరు మాట్లాడుకున్నరు, నన్నెవ్వరడిగిండ్రు అక్కా? నొప్పులొస్తే అంజి నా పక్కన ఉండాలె."

సారక్క ఫోనును బోర్లించింది. పెంచిన చెయ్యి పనికిరాకుండా పోయిందా అనిపించింది. మర్నాడు ఫోను మోగినా ఎత్తలేదు. సాయంత్రం రాయమల్లు వస్తే అంతా చెప్పుకుని ఏడ్చింది.

అతను అన్నం ముందు కూర్చున్నాడు.

"ఆమె అన్నదాంట్ల తప్పేమున్నదే? అడుగకుంట మనమే మాట్లాడుకుంటిమి. నువ్వే అక్కడికి పో. నా తిండి ఫికర్ చెయ్యకు."

పొద్దున్నే సారక్క తనే ఫోను చేసింది. సంతోషి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నేనే వస్తానని సారక్క చేతులతో చెప్పింది. బొమ్మ ఆగిపోయింది. చెల్లెలి ముఖం కదలకుండా నిలబడిపోయింది. మళ్ళీ కదిలేసరికి సంతోషి నవ్వుతూ అత్తను తెర ముందుకు లాగుతోంది.

నెలలు నిండుతుండగా సారక్క బొంతలు సంచిలో పెట్టుకుని నస్పూర్ బస్సెక్కింది. ఫోను మాత్రం రాయమల్లు కోసం ఇంట్లోనే వదిలింది. నొప్పులు రాగానే సంతోషిని దవాఖానకు తీసుకుపోయారు. నర్సు చెప్పిన ప్రతి మాటనూ అంజి చేతులతో సంతోషికి అందించడం సారక్క తలుపు దగ్గర నిలబడి చూసింది. తడబాటు లేదు, తొందర లేదు. సంతోషి కళ్ళు అతని చేతుల మీదే ఉన్నాయి. సారక్క మనసులో మిగిలిన కాస్త నొప్పి అక్కడే పోయింది. తెల్లవారి ఆడపిల్ల పుట్టింది.

ఆ మధ్యాహ్నం అంజి ఫోను నుంచి రాయమల్లుకు వీడియో కాల్ చేశారు. బొంతలో ఉన్న బిడ్డను చూసి అతను తల ఊపుతూ ఉండిపోయాడు. సంతోషి ఫోను తన వైపు తిప్పుకుంది. నోటి దగ్గరికి వేళ్లు తీసుకెళ్లి, తిన్నావా బావా అని అడిగింది. రాయమల్లు పళ్లెం ఎత్తి తెరకు చూపించాడు. అన్నం, మామిడికాయ తొక్కు, అంతే. సంతోషి రెండు చేతులతో గట్టిగా తిట్టడం మొదలుపెట్టింది. ఆ చేతులేమంటున్నాయో అతనికి సగం కూడా తెలియలేదు. అయినా పళ్లెం పట్టుకుని, బుద్ధిగా తలూపుతూ వింటూ కూర్చున్నాడు.